బ్రాయిలర్ కోళ్ల యాంత్రిక లిఫ్టింగ్: హైదరాబాద్ పరిసర ఫారాల సన్నద్ధత

బ్రాయిలర్ ఫారంలో ఎదిగిన కోళ్లను పట్టి, క్రేట్లలో నింపి, తూకం వేసి, లారీకెక్కించే పనిని పౌల్ట్రీ రైతులు ‘లిఫ్టింగ్’ అంటారు. కోడిపిల్ల షెడ్డులో దిగిన నాటి నుంచి ఆరు వారాలు పడిన శ్రమంతా ఈ ఒక్క రాత్రి మీద ఆధారపడుతుంది. పట్టేటప్పుడు రెక్క విరిగినా, క్రేట్లో ఊపిరాడకపోయినా, ఆ నష్టాన్ని పూడ్చుకునే సమయం ఇక ఉండదు. కోడిని పట్టడం, నింపడం, లెక్కించడం అనే పనులను యంత్రానికి అప్పగించే పద్ధతే యాంత్రిక లిఫ్టింగ్. ఐరోపా, అమెరికాలలోని పెద్ద ఫారాలలో ఇది దశాబ్దాలుగా ఉంది. తెలుగు రాష్ట్రాలలో లిఫ్టింగ్ దాదాపు పూర్తిగా చేతిపనే. ఇక్కడి పెద్ద ఫారాలు యంత్రానికి మారాలంటే నేల, షెడ్డు, మేత వేళలు, మనుషుల శిక్షణ, కోడి చేరే మార్కెట్ ముందుగా సిద్ధం కావాలి.

నేపథ్యం

ఆధునిక కోళ్ల పరిశ్రమకు హైదరాబాద్ పుట్టిల్లు వంటిది. డాక్టర్ బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను ప్రారంభించింది ఇక్కడే. ఆయన చొరవతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, అంటే ‘నెక్’, ఏర్పడింది. 1990లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన ప్రాజెక్టు డైరెక్టరేట్‌ను నెలకొల్పింది. పెరటి కోళ్ల పెంపకందారులకు సుపరిచితమైన వనరాజ, గ్రామప్రియ రకాలు అక్కడివే. రాజేంద్రనగర్‌లోనే 1946 నాటి పశువైద్య కళాశాల, చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉన్నాయి.

2019 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 85.18 కోట్ల కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు ఉన్నాయి. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ తర్వాత సుమారు 8 కోట్లతో తెలంగాణ మూడో స్థానంలో నిలిచింది. గుడ్లకోళ్లు కూడా ఈ లెక్కలోనివే. హైదరాబాద్ చుట్టూ షాద్‌నగర్, చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్, శంషాబాద్ ప్రాంతాలలో ఫారాలు ముందు నుంచీ ఉన్నాయి. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించాక ఐటీ కారిడార్ పడమరకు, నైరుతికి పాకింది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా భవనాలు పెరిగే కొద్దీ భూమి ధర, కూలి రేటు రెండూ మారిపోయాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో వల్ల 84 గ్రామాలలో నిర్మాణాలపై చాలాకాలం ఆంక్షలు నడిచాయి. అయినా నగర నిర్మాణ పనులు రాత్రిపూట కోళ్లు పట్టే మనుషులను తమవైపు లాక్కున్నాయి. పగటి వెలుతురులో, కంపు లేని చోట దొరికే కూలిని వదులుకుని దుమ్ములో కోళ్లు పట్టడానికి వచ్చేవారు తగ్గడం సహజం. యంత్రం గురించి రైతు ఆలోచించడానికి ఇదే మొదటి కారణం.

కోళ్ల పరికరాల తయారీదారుల సంఘం ఏటా నవంబరులో హైటెక్ సిటీలోని హైటెక్స్ ప్రాంగణంలో ‘పౌల్ట్రీ ఇండియా’ ప్రదర్శన నిర్వహిస్తుంది. 2024 నవంబరులో జరిగింది 16వ ప్రదర్శన. దేశవిదేశాల పరికరాలు రైతు కళ్లెదుటికి వచ్చే చోటు అది. ఆ ప్రాంగణానికీ, చేవెళ్ల పక్క షెడ్డుకూ మధ్య గంటన్నర ప్రయాణం కూడా ఉండదు. కానీ అక్కడి యంత్రం ఈ షెడ్డులోకి రావాలంటే దాటవలసిన అడ్డంకులు చాలా ఉన్నాయి.

చేతితో లిఫ్టింగ్

సాధారణంగా 35 నుంచి 42 రోజుల వయసులో, కోడి 2 కిలోల బరువుకు అటూఇటూ ఉన్నప్పుడు లిఫ్టింగ్ జరుగుతుంది. ఎండ తగ్గాక, చాలాచోట్ల అర్ధరాత్రి దాటాక డీసీఎం గాని, పికప్ వాహనం గాని ఫారానికి వస్తుంది. కోళ్లు పట్టే కూలీల గ్యాంగు షెడ్డులోకి దిగి కోళ్లను ఒక మూలకు తోలి, తడికెతోనో వలతోనో అడ్డం కట్టి, కాళ్లు పట్టి లేపుతుంది. ఒక్కో చేతిలో మూడు నాలుగు కోళ్లు తలకిందులుగా వేలాడతాయి. వాటిని క్రేట్లో వేసి, కాటా మీద తూచి, చీటీ రాసి బండికెక్కిస్తారు.

ఈ పని బరువు ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. 10,000 కోళ్ల షెడ్డు ఖాళీ చేయడమంటే 20 టన్నులు ఎత్తడం. పదిమంది గ్యాంగులో ఒక్కొక్కరి వంతుకు 2 టన్నులు. అదీ రెండుసార్లు: నేల మీద నుంచి క్రేట్లోకి ఒకసారి, క్రేటుతో సహా బండి మీదికి మరోసారి. క్రేటుకు 12 కోళ్ల చొప్పున 830కి పైగా క్రేట్లు అవుతాయి. ఒక్కో క్రేటులో కోళ్ల బరువే 24 కిలోలు. అడుగు నుంచి లేచే దుమ్ము, అమ్మోనియా ఘాటు, చేతుల మీద గోళ్ల గీతలు, వంగి వంగి పట్టేసే నడుము ఈ పనిలో రోజూ ఉండేవే. మొదటి గంటలో జాగ్రత్తగా పట్టిన చేయే నాలుగో గంటకు అలసిపోయి కోడిని విసురుతుంది. తొడ కీలు జారడం, రెక్క విరగడం, రొమ్ము మీద మాంసం కమిలిపోవడం ఎక్కువగా ఆ అలసట నుంచి వచ్చే నష్టాలే. దానికి పట్టే మనిషిని తప్పుపట్టి లాభం లేదు. పనిని అమర్చిన తీరు మారాలి.

యంత్రాలు పనిచేసే తీరు

ప్రపంచంలో వాడుకలో ఉన్న యంత్రాలలో రెండు ప్రధాన రకాలు కనిపిస్తాయి. మొదటి రకంలో యంత్రం ముందు భాగాన నిలువుగా తిరిగే రోటర్లుంటాయి. వాటికి పొడవైన మెత్తటి రబ్బరు వేళ్లు ఉంటాయి. యంత్రం మెల్లగా ముందుకు కదులుతుంటే ఆ వేళ్లు కోడిని పక్కల నుంచి పొదివి పట్టుకుని వాలుగా ఉన్న బెల్టు మీదికి చేరుస్తాయి. డెన్మార్క్‌లో రూపొందిన ‘చికెన్ క్యాట్’ ఈ కోవలోది. రెండో రకంలో నేలకు ఆనుకున్న వెడల్పాటి బెల్టు కోళ్ల కాళ్ల కిందికి వచ్చి, అవి నిలబడి ఉండగానే పైకి తీసుకుపోతుంది. ఇటలీలో తయారయ్యే ‘అపోలో’ ఈ పద్ధతికి ఉదాహరణ. అమెరికాలో ‘ఈజీ క్యాచ్’, ‘పీహెచ్ 2000’ వంటి యంత్రాలు వచ్చాయి.

బెల్టు చివర లోడింగ్ వేదిక ఉంటుంది. అక్కడ కోళ్లు బరువు ప్రకారమో లెక్క ప్రకారమో డ్రాయర్లలోకి జారుతాయి. డ్రాయర్లు పేర్చిన ఇనుప చట్రాన్ని మాడ్యూల్ అంటారు. నిండిన మాడ్యూల్‌ను ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తి లారీ మీద పెడుతుంది. ఒక యంత్రం గంటకు సుమారు 8,000 నుంచి 10,000 కోళ్లను ఎత్తగలదు. అనుభవం ఉన్న మనిషి గంటకు 1,000 నుంచి 1,500 కోళ్లను పడతాడని అంచనా. యంత్రాన్ని నడపడానికి, చివర మిగిలిన కోళ్లను తోలడానికి, డ్రాయర్లను చూడడానికి ముగ్గురు నలుగురు చాలు.

పరిశోధనలు చెప్పేది

1986లో ఇయాన్ డంకన్ బృందం బ్రిటన్‌లో చేసిన ప్రయోగంలో, యంత్రంతో పట్టిన కోళ్ల గుండె వేగం చేతితో పట్టిన వాటి కన్నా త్వరగా మామూలు స్థితికి వచ్చినట్టు తేలింది. తలకిందులుగా వేలాడదీయడం పక్షికి పెద్ద భయమని ఆ ఫలితం చెబుతుంది. ఆ తర్వాత జర్మనీలో జరిగిన అధ్యయనంలోనూ యంత్రంతో గాయాల శాతం తగ్గింది.

ఈ చిత్రానికి రెండో వైపు కూడా ఉంది. ప్రాసెసింగ్ ప్లాంటు చేరేలోపు చనిపోయే కోళ్ల సంఖ్య యంత్రంతో తగ్గుతుందని అన్ని అధ్యయనాలూ చెప్పలేదు. కొన్నింటిలో తేడా కనిపించలేదు, మరికొన్నింటిలో యంత్రం వాడినప్పుడే మరణాలు ఎక్కువయ్యాయి. చేతితో పట్టేవారు అప్పటికే చచ్చిన కోడిని, జబ్బు పడ్డ కోడిని పక్కన పెడతారు. బెల్టుకు ఆ విచక్షణ లేదు. డ్రాయర్లలో అతిగా నింపినా, బెల్టు వేగం పెంచినా యంత్రం తెచ్చిన మేలంతా పోతుంది. అందుకే యంత్రం రావడానికి కొన్ని గంటల ముందు షెడ్డంతా తిరిగి, చచ్చినవాటిని తీసేసి, కుంటివాటిని, నలతగా ఉన్నవాటిని వేరు చేయడం తప్పనిసరి సన్నాహం.

షెడ్డు, నేల, దారి

తెలంగాణలో ఎక్కువగా కనిపించేది గాలి ఆడే తెరిచిన షెడ్డు. తూర్పు పడమరలుగా పొడవు, అడుగున్నర లోపు గోడ, దానిపై ఇనుప జాలి, ఎండకూ వానకూ పరదాలు. ఒక్కో కోడికి ఒక చదరపు అడుగు చోటు. మనిషి రావడానికి సరిపోయే చిన్న తలుపు. కొన్నిచోట్ల లోపల వరసగా స్తంభాలు. చాలా పాత షెడ్లలో మట్టి నేల. టన్నుల బరువుండే యంత్రానికి ఇవన్నీ అడ్డే.

యంత్రాన్ని దృష్టిలో పెట్టుకునే రైతు కొత్త షెడ్డు గీయించేటప్పుడే కొన్ని విషయాలు తేల్చుకోవాలి. లోపల స్తంభం లేకుండా ఒకే దూలం మీద నిలిచే కప్పు కావాలి. షెడ్డు చివర గోడలో యంత్రం ఎత్తు, వెడల్పులకు సరిపోయే పెద్ద తలుపు ఉండాలి. నేల గట్టిగా, గుంటలు లేకుండా, ఒకే మట్టంలో ఉండాలి. తలుపు ముందు ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి, లారీ వెనక్కి రావడానికి కాంక్రీటు వేదిక కావాలి. ప్రధాన రోడ్డు నుంచి అక్కడి దాకా వానాకాలంలోనూ బండి దిగబడని దారి ఉండాలి. నల్లరేగడి ఎక్కువగా ఉన్న చేవెళ్ల, శంకర్‌పల్లి ప్రాంతాలలో ఈ చివరి విషయానికే ఎక్కువ ఖర్చు పెట్టవలసి రావచ్చు. కరెంటు తీగలు, నీటి పైపులు దారికి అడ్డంగా కిందికి వేలాడకూడదు.

వాతావరణ నియంత్రణ షెడ్లు, అంటే రైతులు ‘ఈసీ షెడ్డు’ అనేవి, యంత్రానికి ఎక్కువ అనుకూలం. అవి వెడల్పుగా, స్తంభాలు లేకుండా, వేలాది కోళ్లతో ఉంటాయి. అయితే వాటిలో ఒక ప్రమాదం పొంచి ఉంది. ఒక చివర ఫ్యాన్లు గాలిని లాగుతుంటే, రెండో చివర కూలింగ్ ప్యాడ్ల నుంచి గాలి వస్తుంది. లిఫ్టింగ్ కోసం పెద్ద తలుపు తెరవగానే ఆ గాలి దారి తప్పుతుంది. మూలకు చేరిన కోళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గాలి అందక నిమిషాలలో చనిపోవచ్చు. తలుపు తెరిచే ముందు ఏ ఫ్యాన్లు నడవాలో, ఏ పరదా దించాలో రాసుకుని, బాధ్యత ఒకరికి అప్పగించాలి. కరెంటు పోతే జనరేటర్ క్షణాలలో అందుకునేలా ముందు రోజే నడిపి చూడాలి.

లిట్టర్‌గా పరిచిన వరి ఊక పొడిగా, వదులుగా ఉండాలి. డ్రింకర్ల కింద తడిసి గట్టిపడిన పెచ్చులు యంత్రం ముందు భాగాన్ని ఆపేస్తాయి, చక్రాలు జారతాయి. తడి లిట్టర్ మీద పెరిగిన కోడికి పాదాలు పుండ్లు పడి ఉంటాయి, అది బెల్టు మీద సరిగా నిలబడలేదు. కాబట్టి లిఫ్టింగ్ సన్నాహం నిజానికి బ్యాచ్ మొదటి వారంలో నీటి నిపుల్ ఎత్తు సరిచేయడంతో మొదలవుతుంది.

మేత, నీరు, వెలుతురు, వేడి

ప్రాసెసింగ్ ప్లాంటుకు వెళ్లే కోడికి మేత ఆపిన వేళ నుంచి కోత దాకా 8 నుంచి 12 గంటల వ్యవధి ఉండాలి. అంతకన్నా తక్కువైతే మేత సంచి, పేగులు నిండుగా ఉండి మాంసం కలుషితమవుతుంది. బాగా ఎక్కువైతే పేగు పొర పలచబడి కోతలో చిరుగుతుంది, కోడి బరువూ తగ్గుతుంది. నీరు మాత్రం కోళ్లను పట్టడం మొదలయ్యే వరకూ ఉండాలి. యంత్రం వేగంగా పనిచేస్తుంది కాబట్టి షెడ్డును వరసలుగా విభజించి, ముందు ఎత్తే వరసకు ముందు మేత ఆపడం మంచిది. ఫీడర్, డ్రింకర్ లైన్లు చేతి చక్రంతో ఒక్కసారే పైకి లేచేలా ఉంటే సగం హడావుడి తగ్గుతుంది.

సజీవంగా కిలో లెక్కన అమ్మే చోట ఇదే విషయం మీద రైతుకూ వ్యాపారికీ పేచీ వస్తుంది. మేత సంచి నిండుగా ఉంటే తూకం పెరుగుతుంది, ఖాళీగా ఉంటే వ్యాపారికి నమ్మకం. మేత ఎన్ని గంటలకు ఆపాలో ఒప్పందంలోనే రాసుకోవడం ఇద్దరికీ మేలు.

వెలుతురు తగ్గిస్తే కోడి నెమ్మదిస్తుంది. అందుకే మసక నీలి దీపాల కింద లిఫ్టింగ్ చేయడం వాడుకలో ఉంది. హైదరాబాద్ వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కోడికి చెమట గ్రంథులు లేవు, ఎక్కువగా రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. కదలని బండిలో, నిండిన డ్రాయర్లలో ఆ రొప్పే చోటు కూడా ఉండదు. వేసవిలో డ్రాయరుకు కోళ్ల సంఖ్య తగ్గించి, బండి ఆగిన చోట ఫ్యాన్లు పెట్టి, తెల్లవారేలోపు గమ్యం చేరేలా చూసుకోవాలి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి వచ్చాక ఫారం నుంచి బయలుదేరిన బండి నగరం నడుమ ఆగకుండా పోగలుగుతోంది. లిఫ్టింగ్ ప్రణాళికలో ఆ దారినీ, వేళనూ కలుపుకోవాలి.

చట్టం, వ్యాధి నివారణ

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షను జంతువులకు అనవసరమైన బాధ కలిగించేలా తీసుకెళ్లడాన్ని నేరంగా పేర్కొంది. 1978 జంతు రవాణా నియమాలకు 2001లో చేసిన సవరణ కోళ్ల రవాణాకు ప్రత్యేక అధ్యాయం చేర్చి, పెట్టెల కొలతలు, గాలి వెలుతురుల ఏర్పాటును నిర్దేశించింది. ఐరోపా సమాఖ్య 1/2005 నంబరు రవాణా నిబంధన జంతువులను కాళ్లు పట్టి ఎత్తడాన్ని నిషేధించింది. అక్కడ యంత్రాల మీద, నిలువుగా పట్టే పద్ధతుల మీద ఆసక్తి పెరగడానికి ఇదొక కారణం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలలో లక్షకు పైగా కోళ్లున్నవి పెద్ద ఫారాలు. యాంత్రిక లిఫ్టింగ్ మొదట ఉపయోగపడేది వాటికే.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఫారం నుంచి ఫారానికి తిరిగే బండ్లు, క్రేట్లు, మనుషుల మీదికే అందరి చూపూ మళ్లింది. లిఫ్టింగ్ గ్యాంగు ఒక రాత్రిలో రెండు మూడు ఫారాలు తిరుగుతుంది. యంత్రం వస్తే తిరిగే మనుషులు తగ్గుతారు. కానీ రబ్బరు వేళ్ల సందుల్లో, బెల్టు అడుగున పేరుకునే రెట్ట, ఈకలు కూడా వ్యాధిని మోసుకుపోగలవు. ప్రతి ఫారంలో ఎక్కువ ఒత్తిడితో నీరు కొట్టే పంపు, మురుగు పోయే వాలు ఉన్న కడుగుడు గచ్చు, క్రిమిసంహారక మందు సిద్ధంగా ఉండాలి. యంత్రం ఆరాకే తర్వాతి ఫారానికి కదలాలి.

ఖర్చు, మార్కెట్

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 10,000 కోళ్ల షెడ్డును యంత్రం గంటంపావులోపే ఖాళీ చేస్తుంది. తర్వాత దాదాపు రెండు నెలలు ఆ రైతుకు దానితో పని ఉండదు. రాత్రికి 30,000 కోళ్ల చొప్పున నెలకు 20 రాత్రులు నడిపితే 6 లక్షల కోళ్లు అవుతాయి. బ్యాచ్ చక్రం రెండు నెలలనుకుంటే, ఒక యంత్రానికి 12 లక్షల కోళ్ల సామర్థ్యం, అంటే 10,000 కోళ్ల షెడ్లు 120 కావాలి. అవి దగ్గరదగ్గరగా ఉంటేనే రాత్రికి మూడు చోట్లకు యంత్రాన్ని తిప్పడం కుదురుతుంది. ఒంటరి రైతు కొనుక్కునే వస్తువు కాదిది. రైతులకు పిల్లలు, మేత ఇచ్చి కోళ్లను పెంపించే ఇంటిగ్రేషన్ కంపెనీయో, రైతుల ఉమ్మడి సంఘమో, అద్దెకు నడిపే సేవాసంస్థో పూనుకోవాలి.

రెండో చిక్కు మార్కెట్. మన దేశంలో కోడి ఎక్కువగా సజీవంగానే దుకాణానికి చేరుతుంది. వినియోగదారు కళ్ల ముందే కోయించుకుంటాడు. హోటల్‌కు ఒక సైజు, బిర్యానీకి ఒక సైజు, దుకాణానికి మరో సైజు కాబట్టి ఒకే షెడ్డులో మూడు నాలుగు విడతలుగా లిఫ్టింగ్ జరుగుతుంది. వచ్చిన బండి చిన్నది, దిగే దుకాణాలు పది. మాడ్యూళ్లు, ఫోర్క్‌లిఫ్ట్‌లు ఉన్న యంత్ర పద్ధతి ఒకే రాత్రి మొత్తం షెడ్డు ఖాళీ అయ్యే ప్రాసెసింగ్ ప్లాంటుకే సరిపోతుంది. ఐటీ కారిడార్ అపార్టుమెంట్లలో ఫోన్ మీద ఆర్డరిచ్చి, కడిగి కోసిన చల్లటి మాంసం ఇంటికి తెప్పించుకునే అలవాటు పెరిగే కొద్దీ ప్లాంటు అవసరమూ పెరుగుతుంది. ఆ మేరకే యంత్రానికి దారి తెరుచుకుంటుంది.

మధ్యదారి, మనుషులు

పూర్తి యంత్రం రాకముందే చేయగలిగిన మార్పులు చాలా ఉన్నాయి. కోడిని మనిషే పట్టినా, క్రేట్లను రోలర్ల మీద, మడత బెల్టు మీద లారీ దాకా నడపవచ్చు. బండి ఎత్తుకు లేచే చిన్న లిఫ్టు బల్ల గ్యాంగు నడుముకు పెద్ద ఊరట. తూకాన్ని నేరుగా నమోదు చేసే డిజిటల్ కాటా వల్ల చీటీ తగాదాలు తగ్గుతాయి. కాళ్లు పట్టి వేలాడదీయకుండా రెండు చేతులతో రెక్కలు మూసి ఒడిసి పట్టడం నేర్పితే గాయాలు తగ్గుతాయి.

ఇలాంటి చిన్న పరికరాలు తయారు కావలసిన చోటు కూడా దగ్గరలోనే ఉంది. రాయదుర్గంలో 2022 జూన్‌లో అంకుర సంస్థలకు తోడ్పడే టీ-హబ్ కొత్త భవనం, 2023 మార్చిలో నమూనాలు తయారు చేసే టీ-వర్క్స్ మొదలయ్యాయి. గచ్చిబౌలిలోని ఐఐఐటీలో రోబోటిక్స్ పరిశోధన కేంద్రం ఉంది. రాజేంద్రనగర్ పశువైద్యులు, రాయదుర్గం ఇంజనీర్లు ఒక రాత్రి షాద్‌నగర్ షెడ్డులో గ్యాంగుతో పాటు నిలబడితే, 25 అడుగుల వెడల్పు షెడ్డులో స్తంభాల మధ్య నడిచే తేలికపాటి యంత్రం ఎలా ఉండాలో తెలుస్తుంది. ఆ సంభాషణలో మొదట వినవలసింది కోళ్లు పట్టే మనుషుల మాట. కోడి ఏ మూలకు పరుగెడుతుందో, ఎప్పుడు బెదురుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. యంత్రం వచ్చిన రోజున దాన్ని నడిపే శిక్షణ మొదట వాళ్లకే దక్కాలి.

సన్నాహాల వరస

పెద్ద ఫారం యజమాని ఈ బ్యాచ్ నుంచే లెక్కలు రాయడం మొదలుపెట్టాలి: ఒక్కో లిఫ్టింగ్‌కు పట్టిన గంటలు, వచ్చిన మనుషులు, విరిగిన రెక్కలు, దారిలో పోయిన కోళ్లు, తగ్గిన తూకం. ఈ లెక్క లేకపోతే రేపు యంత్రం మేలు చేసిందో లేదో చెప్పడానికి ఆధారం ఉండదు. తర్వాత లిట్టర్, నేల, దారి. ఆ తర్వాత తలుపు, కాంక్రీటు వేదిక, పైకి లేచే లైన్లు. వీటితో పాటే కొనుగోలుదారుతో మేత వేళల ఒప్పందం. యంత్రం అద్దె, కొనుగోలు అన్నిటికన్నా చివర. ఈ వరసలో యంత్రం దాకా రాకుండా మధ్యలో ఆగిపోయిన ఫారం కూడా నష్టపోదు. గట్టి నేల, పొడి ఊక, సరైన వేళకు ఆపిన మేత, దిగబడని దారి ఉన్న షెడ్డులో చేతితో పట్టే కోడికీ దెబ్బ తక్కువ, పట్టే మనిషికీ శ్రమ తక్కువ.